వరస తప్పిన పిలుపు

శుక్రవారం పొద్దున సిడ్నీ శివారు టూంగాబీలోని ఆ ఇంట్లో రోజూ జరిగేదే జరుగుతోంది. కుక్కరు కూతేస్తోంది. పెరటి చెట్టు మీద కాకటూ చిలకలు గొంతు చించుకుంటున్నాయి. కాత్యాయని ఒక చేత్తో డబ్బా మూత నొక్కుతూ, రెండో చేత్తో కూతురి జుట్టు చెవి వెనక్కి తోయబోతోంది. కూతురు అమూల్య తల పక్కకి తప్పించుకుంటోంది.

"అమ్మా, ప్లీజ్. ట్రైన్ మిస్సవుతాను. డబ్బా వద్దు, యూనిలో తింటా."

"యూనిలో ఏం తింటావే, ఆ చల్లటి రొట్టెలేగా? పులిహోర పెట్టాను. నీతో చదివే ఆ పిల్లకి కూడా కాస్త పెట్టు, ఏం పేరు దానిది, టెస్."

"టెస్ ఇలాంటివి తినదు."

"పెడితేగా, తినేదీ లేనిదీ తెలిసేది!"

డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. అమూల్య గడప దాటుతుంటే కాత్యాయని వెనకనించి ఎప్పుడూ అనే మాటే అంది. మిగతా తల్లులు పిల్లల్ని రోడ్డు చూసి దాటమంటారు. ఈవిడ మాత్రం, "వరస చూసి పిలవ్వే!" అంటుంది.

అమూల్య నోటికి ఒక గుణం ఉంది. ఎవరిని ఏ వరస పెట్టి పిలిస్తే వాళ్ళు ఆ వరసకి వచ్చేస్తారు. మాటలు నేర్చుకునే రోజుల్లో ఒకసారి పక్కింటి రామానుజాన్ని కంచె మీదుగా చూసి, "తాతయ్యా!" అంది ముద్దుగా. అప్పుడాయన ఇంకా నడివయసుకైనా రాలేదు. బ్యాంకు కంప్యూటర్ల ఉద్యోగం, ఆదివారం క్రికెట్. ఆ వారం తిరక్కుండానే జుట్టు తెల్లబడింది. బ్యాటు మూలన పెట్టి, వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడం మొదలెట్టాడు. ఆఫీసువాళ్ళు కేకు కోసి, శాలువా లాంటిదేదో కప్పి రిటైర్ చేసి పంపారు. ఆయన భార్య జయశ్రీ మాత్రం కంచె దగ్గరికి వచ్చి, "కాత్యాయనీ, మీ అమ్మాయి మా ఆయన్ని తాతని చేసేసింది. నన్నేమని పిలవబోతోందో ముందే చెప్పు తల్లీ, జుట్టుకి రంగు కొనుక్కోవాలి," అంది. అంతే. ఆ మాట మీద ఇంకెవరూ ఏమీ అనలేదు.

పోయినేడు అదే జయశ్రీ ఆంటీ పవన్ అనే కుర్రాణ్ణి పెళ్ళిచూపులకి తీసుకొచ్చింది. అమూల్యకి ఇష్టం లేదు. కాఫీ కప్పు అందిస్తూ, "తీసుకో అన్నయ్యా," అంది. పవన్ కాఫీ తాగి, మూతి తుడుచుకుని, "ఈ చిరుగుల జీన్స్ ఏంటి? చీకటి పడేలోపు ఇంటికి రావడం లేదట?" అని నిలదీశాడు. ఇప్పటికీ వారం వారం ఫోన్ చేసి తిడుతూనే ఉన్నాడు.

రామానుజం సంగతి జరిగిన రోజుల్లోనే, ఇలా లాభం లేదని కాత్యాయనే ఉపాయం చెప్పింది. "బయటివాళ్ళనందరినీ ఆంటీ అను, అంకుల్ అను. ప్రాణానికి సుఖం. ఆ మాటలకి పట్టు లేదు."

నిజమే. మన భాషలో పిన్ని వేరు, పెద్దమ్మ వేరు, అత్త వేరు, వదిన వేరు. ఒక్కో మాటకీ ఒక పీట ఉంది, ఒక హక్కు ఉంది, ఒక పోట్లాట ఉంది. ఆంటీకి ఏముంది? బస్టాపులో బెంచీ. ఎవరైనా కూర్చోవచ్చు, లేచి పోవచ్చు. అమూల్య సిడ్నీ తెలుగువాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అంటూ పెరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళెవరూ మొదట్నించీ ఆమెకి ఏమీ కారు కాబట్టి, కాలేదు.

అమూల్య యూనివర్సిటీలో చదివేది కళల గురించి రాయడం. ఆ వారాంతానికి క్లాసులో ఒక పని ఇచ్చారు. ఒక కచేరీ, ఒక బాలే నృత్యం, ఒక మార్కెట్టు చూసి, ఊరి గుండె ఎక్కడ కొట్టుకుంటోందో రాయమన్నారు. కచేరీ ఎలాగూ ఉంది. శుక్రవారం సాయంత్రం క్వేకర్స్ హిల్ హాల్లో తెలుగువాళ్ళు పాటల కార్యక్రమం పెట్టుకున్నారు, కాత్యాయని కోరస్‌లో పాడుతోంది.

హాలంతా సాంబారు వాసన. చిన్నపిల్లలు వర్ణం మధ్యలో మర్చిపోతుంటే తల్లులు కింద నించి పెదాలు కదిపి అందిస్తున్నారు. అమూల్య ఆఖరి వరసలో కూర్చుని ఫోను చూసుకుంది. కోరస్ లేచినప్పుడు పదిమంది గొంతుల్లోంచి ఒక గొంతు, ఎంత అణుచుకున్నా, పొంగిన పాలలా పైకి వస్తూనే ఉంది. అది ఎవరిదో ఆమెకి తెలుసు. తల ఎత్తలేదు.

పాటలయ్యాక ఉప్మా తింటూ బాలమురళి అనే ఆయన కాత్యాయనిని పట్టుకున్నాడు. దేశానికి అవతలి చివరనున్న పెర్త్‌లో డాక్టరు. అక్కడ హారిస్‌డేల్‌లో తన గ్యారేజీలోనే పిల్లలకి సంగీతం బడి పెట్టాడు.

"మళ్ళీ అడుగుతున్నానని విసుక్కోకండి. ఈ గొంతు ఇక్కడ కోరస్‌లో మగ్గిపోతోంది. మా దగ్గర పిల్లలు బోలెడుమంది, నేర్పేవాళ్ళు లేరు. ఇల్లు మేం చూస్తాం. వచ్చెయ్యండి."

"ఎలా వస్తానండీ?" అంది కాత్యాయని. "పిల్ల చదువుంది కదా. దాన్ని వదిలి ఎలా వస్తాను?"

పిల్ల పక్కనే నిలబడి ఉంది. వింది. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ ఉంది.

ఆ పిల్ల ఇంకా తప్పటడుగులు వేసే రోజుల్లోనే తండ్రి ఉపేంద్ర పోయాడు. వీసా ఆయన పేరు మీద ఉండేది. కాత్యాయని ఆఫీసుల చుట్టూ తిరిగి, పరాయి పిల్లల మూతులు కడిగి, గుడ్డలు మార్చి, హోటల్లో గిన్నెలు తోమి, ఆ తర్వాత చదువుకుని, బాలవాడి లాంటి చోట టీచరై, ఈ దేశంలో నిలబడింది. నిలబడ్డానికి ఎంత ఖర్చయిందంటే, పాట ఖర్చయిపోయింది. పిల్లని నిద్రపుచ్చడానికి మాత్రం మిగుల్చుకుంది. ఇవేవీ అమూల్యకి తెలియనివి కావు. తెలియకపోతే క్షమించొచ్చు. తెలిసీ తల ఎత్తకపోవడం ఉంది చూశారూ, దానికి మందు లేదు.

శనివారం బాలే. టెస్ వాళ్ళ అమ్మ మార్గరెట్ టికెట్లు కొంది. మార్గరెట్ ఒక పత్రికలో కళల పేజీ చూస్తుంది. అమూల్యని సెలవుల్లో తన దగ్గర పని నేర్చుకోడానికి తీసుకునే ఆలోచన ఉందని టెస్ చెవిలో వేసింది. అందుకని అమూల్య ఆ రోజు ఒక పల్చటి నల్ల గౌను వేసుకుంది. అక్కడ జూలై అంటే చలికాలం, చలి కోస్తోంది.

"మ్యాట్నీయా?" అంది కాత్యాయని. "మ్యాట్నీకి కోటు లేకుండానా? అందులో పెద్ద హాలు, ఏసీ వేసి చంపుతారు."

"అమ్మా, ఇట్స్ బాలే. సినిమా కాదు." అని తలుపేసుకుని వెళ్ళిపోయింది.

థియేటరు ముందు హాలు అద్దాల గోడలతో సముద్రాన్ని చూస్తోంది. జనం పొడుగు గ్లాసులు పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అమూల్య కూడా గొంతు తగ్గించింది. రష్యా సంగీతం గురించి మార్గరెట్ ఏదో చెబుతుంటే తల ఊపుతోంది. అప్పుడు వినిపించింది.

"అమ్మలూ!"

హాలు హాలంతా తిరిగి చూసింది. కాత్యాయని. నారింజరంగు వెంకటగిరి చీర, కింద పరుగుపందెం బూట్లు, పైన మోకాళ్ళదాకా ఉబ్బిన జాకెట్టు, తలకి మంకీ క్యాప్. ఒక చేతిలో కోటు, ఇంకో చేతిలో స్టీలు డబ్బా.

"కోటు మర్చిపోయావే! నీకసలే జలుబు. తినకుండా కూడా వచ్చేశావు. ఆ స్తంభం పక్కన నిలబడి రెండు ముద్దలు తినేసిరా, ఎవరూ చూడర్లే."

అందరూ చూస్తున్నారు. అమూల్య చెవులు కాలిపోయాయి. దేనికి సిగ్గు? మంకీ క్యాపుకా, బూట్లకా, డబ్బాకా? అదే క్యాపు ఇంకెవరి తల మీద ఉన్నా ఆమెకి పట్టేది కాదు. మనం సిగ్గుపడాల్సిన చోట దర్జాగా నిలబడతాం, పడకూడని చోట చచ్చేంత పడతాం.

మార్గరెట్ నవ్వుతూ ముందుకొచ్చి చెయ్యి చాపింది. "హలో! అండ్ యూ ఆర్ అమూల్యాస్...?"

ప్రశ్న గాల్లో ఉంది. కాత్యాయని నోరు తెరిచింది. ఆమె కంటే ముందు కూతురి నోరు తెరుచుకుంది.

"ఆంటీ," అంది అమూల్య. "షీ ఈజ్ ఏన్ ఆంటీ. ఫ్రమ్ అవర్ స్ట్రీట్."

ఇంగ్లీషు మాటే కదా, పట్టు లేని మాటే కదా అనుకుంది.

కూతురి భుజాల మీద కోటు కప్పబోతున్న కాత్యాయని చేతులు మధ్యలో ఆగాయి. ఆగి, ఆ కోటుని చక్కగా మడిచి, మర్యాదగా ముందుకి చాచాయి.

"తీసుకోమ్మా," అంది. "మర్చిపోయి వచ్చినట్టున్నావు."

తన భర్తకి జ్వరమనీ, ఒక టికెట్టు మిగిలిందనీ, లోపలికి రమ్మనీ మార్గరెట్ అంది. కాత్యాయని ఎప్పుడూ ఎక్కడా కాసేపు కూర్చునే మనిషి కాదు. స్టవ్వు మీద ఏదో ఉంటుంది, ఇస్త్రీ ఉంటుంది, పిల్ల వచ్చేవేళవుతుంది. ఆ రోజు మాత్రం, "దానికేం, వస్తాను. ఇంటి దగ్గర నాకేం పనుంది?" అంది ఇంగ్లీషులో.

లోపల దీపాలార్పారు. మంచుదేశం కథ. శాపం తగిలిన పిల్ల ఒకతె మునివేళ్ళ మీద తిరుగుతోంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, అంత సన్నగా ఉంది. ఆ తిరగడం చూసి వేలమంది ఊపిరి బిగపట్టారు. ఆ నిశ్శబ్దంలో కాత్యాయని రెండు చేతులూ స్టేజీ వైపు చాచి, కణతలకి ఆనించుకుని, మెటికలు విరిచింది. పటపటమని మోగాయి. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు.

అమూల్య కుర్చీలో కూరుకుపోయింది. ఫరవాలేదు, ఆంటీ కదా అనుకుంది. మా ఆంటీ కూడా కాదు, మా వీధి ఆంటీ.

"వాట్ వాజ్ దట్?" అని గుసగుసగా అడిగింది మార్గరెట్.

"దిష్టి. అంతమంది కళ్ళు ఒక్క పిల్ల మీద పడితే ఎలా? తీసెయ్యాలి."

మార్గరెట్ కాసేపు ఆలోచించి, తను కూడా చేతులు చాచి, కణతలకి ఆనించుకుంది. ఒక్క మెటిక విరిగింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

విశ్రాంతి వేళ కాత్యాయని డబ్బా తెరిచింది. టెస్ పులిహోర తిని, ఇంకా కావాలంది. మార్గరెట్ ఇందులో పులుపు దేనిదని అడిగింది. చింతపండు గురించి చెప్పబోయిన కాత్యాయని గోంగూరదాకా వెళ్ళిపోయింది. రేపు ఆదివారం సంతకి వస్తే చూపిస్తానంది. మార్గరెట్ వస్తానంది. ఎవరికీ మంకీ క్యాపు గుర్తే లేదు. ఎంత అనవసరమైన అబద్ధం ఆడిందో అమూల్యకి అప్పుడే తెలిసింది. తెలిసినా హాయిగానే ఉంది. అమ్మ జుట్టు సర్దడం లేదు, ఏమే అనడం లేదు, బుద్ధిగా ఉంది.

కాత్యాయని డబ్బా మూతలో ఇంత పులిహోర పెట్టి అమూల్యకి ఇచ్చింది. అమూల్య నాలుగు మెతుకులు తిని, "చాలు," అంది.

"సరేనమ్మా," అని కాత్యాయని మూత తీసేసుకుంది.

అమూల్య చెయ్యి అలాగే ఉండిపోయింది. పుట్టాక ఆమె ఎన్నోసార్లు చాలు అంది. అమ్మ సరే అనడం అదే మొదటిసారి.

ఆట అయ్యాక మెట్ల దగ్గర కాత్యాయని అందరికీ దణ్ణం పెట్టింది. "నేను ట్రైన్‌లో వెళ్తాను. నిన్నెవరైనా దింపుతారా అమ్మాయ్? మంచిది. మీ అమ్మగారిని అడిగానని చెప్పు."

అమూల్య ఇంటికి వచ్చి బెల్లు కొట్టింది. తాళం చెవి సంచీలోనే ఉంది, తియ్యడానికి చెయ్యి రాలేదు. కాత్యాయని తలుపు తీసింది.

"నువ్వా? రామ్మా, కూర్చో."

కాఫీ వచ్చింది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం అద్దాల బీరువాలోంచి తీసే బంగారు అంచు కప్పులో వచ్చింది. సాసరు కూడా ఉంది. ఆ సాసరు చూడగానే అమూల్యకి ఏడుపొచ్చింది.

"అమ్మా!" అంది.

"ఏమ్మా?" అంది కాత్యాయని.

"అమ్మా, నేను!"

"చెప్పమ్మా, ఏమైంది? ఇంట్లో ఏమన్నా అన్నారా?"

అమూల్య తన గది వైపు చూసింది. మంచం మీద కొత్త దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది.

"ఆ గది ఖాళీగా ఉందమ్మా," అంది కాత్యాయని. "ఎవరైనా చదువుకునే పిల్లకిద్దామని. నీకు తెలిసినవాళ్ళున్నారా?"

"నేనుంటాను."

"నువ్వా? మీ అమ్మగారు ఒప్పుకుంటారా మరి?"

ఆ రాత్రి అమూల్య తన మంచం మీద అద్దెకి పడుకుంది.

తెల్లారగానే కంచె దగ్గరికి పరిగెత్తింది. రామానుజం తాతయ్య చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాడు.

"నోరు జారినట్టున్నావే," అన్నాడు, తల ఎత్తకుండా. "మీ అమ్మ ఇందాక వచ్చి, ఇంట్లో ఎవరో చదువుకునే పిల్ల అద్దెకి దిగిందని చెప్పి పోయింది."

"అమ్మా అని ఎన్నిసార్లు పిలిచినా పలకడం లేదు తాతయ్యా. పలుకుతుంది కానీ... పలకడం లేదు."

"ఎలా పలుకుతుందే? ఆ మాటని మనమే అరగదీశాం. కూరలమ్మేవాడూ అమ్మా అంటాడు, బిచ్చమడిగేవాడూ అంటాడు, మోకాలు గుమ్మానికి తగిలితే నేనూ అంటాను. ఆవిడ ఒక్కతె నీకు అమ్మ గనక ఇన్నాళ్ళూ ఆ మాట నిలబడింది. అందులోంచి నువ్వే బయటికి తోశావు."

"ఏం చెయ్యను?"

ఆయన ఒక కాయకి ఈనె లాగాడు. "పిన్నీ అను. ఆ మాటకి ఇంకా పట్టుంది. ఎంతైనా అమ్మ చెల్లెలు వరస. ఏమే అంటుంది, తిడుతుంది, నిన్నొదిలి ఎక్కడికీ పోదు."

అమూల్య వెళ్ళబోయి ఆగింది. "తాతయ్యా, నేను మిమ్మల్నిలా చేశాను కదా. మీకు నా మీద కోపం లేదా?"

"నువ్వు ఇష్టంగా పిలిచావే పిచ్చిదానా. ఇష్టంగా పిలిస్తే ముసలితనం కూడా మొయ్యొచ్చు." ఆయన కళ్ళజోడు పైనించి చూశాడు. "సిగ్గుపడి పిలిచావు చూడు, అది మోసేవాళ్ళకి తెలీదు. పిలిచినవాళ్ళకే బరువు."

ఆదివారం సంత పెద్ద షెడ్డులో జరుగుతుంది. బోర్డు మీద మార్కెట్ అని ఉన్నా, తెలుగువాళ్ళంతా సంత అనే అంటారు. వియత్నాంవాళ్ళ ఆకుకూరలు, లెబనాన్‌వాళ్ళ ఆలివ్‌లు, ఫిజీవాళ్ళ చామదుంపలు. అరుపులు, బేరాలు, బురద. కాత్యాయని ముందు నడుస్తోంది. వెనక మార్గరెట్, టెస్. అందరికంటే వెనక అమూల్య, నాలిక చివర ఒక మాట పెట్టుకుని.

అద్దెపిల్లగా ఇంట్లో ఉన్న హక్కుతోనే ఆమె వచ్చింది. సమయం చూసి పిన్నీ అనాలి. అనేస్తే అయిపోతుంది.

కానీ చూస్తున్నకొద్దీ నోరు రావడం లేదు. ముందు నడుస్తున్న మనిషి కుంటడం లేదు. కాత్యాయని కుడి మోకాలు ఎన్నో ఏళ్ళుగా నొప్పి. ఇప్పుడు అరటిపళ్ళ బుట్టలు దాటుకుంటూ చెంగుచెంగున పోతోంది. భుజాలు పైకి లేచాయి. మాటిమాటికీ ఫోను తీసి టైము చూసుకోవడం లేదు. వంకాయలు ఏరుతూ పాడుకుంటోంది, పెద్దగానే. వియత్నాం ముసలమ్మ తూకం ఆపి వింటోంది.

"దిస్ ఈజ్ గోంగూర," అని ఎర్రకాడల కట్ట ఒకటి మార్గరెట్ ముక్కు దగ్గర పెట్టింది. "దీన్ని మీవాళ్ళు పువ్వుల కోసం పెంచుతారు. మేం తినేస్తాం."

మార్గరెట్ నవ్వింది. "యూ ఆర్ సచ్ ఫన్. డు యూ హావ్ చిల్డ్రన్?"

"నో," అంది కాత్యాయని, కట్ట దులుపుతూ. "నో చిల్డ్రన్."

అందులో బాధ లేదు, దాపరికం లేదు. వాన పడటం లేదన్నంత మామూలుగా అంది.

"అందుకే పెర్త్ వెళ్ళిపోతున్నాను," అంటోంది కాత్యాయని. "పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. సంగీతం నేర్పడానికి. ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదో నాకే అర్థం కావడం లేదండీ. ఏదో అడ్డముండేది. ఏంటో గుర్తు రావడం లేదు."

ఆ అడ్డం మూడడుగుల దూరంలో, ఉల్లిపాయల బస్తా పక్కన నిలబడి ఉంది.

ఇప్పుడే. ఇప్పుడంటే చాలు. పిన్నీ! అంటే ఆవిడ వెనక్కి తిరుగుతుంది, ఆ మోకాలు మళ్ళీ పట్టేస్తుంది, ఆ పాట మళ్ళీ కోరస్‌లోకి వెళ్ళిపోతుంది, పెర్త్ రద్దవుతుంది. పిల్ల చదువుంది కదండీ అంటుంది. అమూల్యకి మళ్ళీ డబ్బా వస్తుంది.

నిన్న నలుగురి ముందు ఆవిడని వదిలించుకోడానికి ఒక మాట వాడింది. ఇవాళ తన అవసరానికి కట్టెయ్యడానికి ఇంకో మాట వాడబోతోంది. నిన్నటిదానికంటే ఇవాళ్టిదానికి ఎక్కువ సిగ్గేసింది. మాటని మింగేసింది. అది గొంతులో ముల్లులా గీసుకుంటూ దిగింది.

ఇన్నేళ్ళలో ఎదుటివాళ్ళనే తప్ప, అమూల్య తనని తాను ఏ వరసా పెట్టి పిలుచుకోలేదు. ఆ అవసరం రాలేదు. కూతురుగా ఉండటం అంటే ఊరికే కూర్చుంటే జరిగిపోయే పని అనుకుంది.

"మార్గరెట్," అంది. గొంతు పెద్దదే వచ్చింది. పక్క దుకాణంవాడు కూడా చూశాడు. "నేను నిన్న అబద్ధం చెప్పాను. ఈవిడ మా వీధి ఆంటీ కాదు. నేను ఈవిడ కూతుర్ని."

ఇంగ్లీషులో అంది. తర్వాత తెలుగులో, ఆవిడ వైపు తిరిగి మళ్ళీ అంది. "నేను మీ కూతుర్నండీ."

టెస్ కనుబొమలు ముడేసింది. "బట్ యూ సెడ్..."

"అవును, అన్నాను. సిగ్గేసి అన్నాను. టోపీ చూసి, బూట్లు చూసి."

మార్గరెట్ ఆమెని కాసేపు చూసింది. ఆ చూపు పనికి తీసుకునేవాళ్ళ చూపు కాదు, ఒక తల్లి చూపు. అది భరించడం ఇంకా కష్టమైంది. మార్గరెట్ గోంగూర కట్ట సంచీలో వేసుకుంది.

కాత్యాయని మాత్రం పకపకా నవ్వింది. "భలేదానివమ్మా! మీ అమ్మగారు వింటే ఏమనుకుంటారు?"

కానీ మాట పట్టింది. అమూల్యకి తన ఒంట్లోనే తెలిసింది. చేతులు వాటంతట అవే ముందుకెళ్ళి ఆవిడ చేతిలో సంచులు అందుకున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్ళకి బురదంటడం అప్పుడే కళ్ళకి కనిపించింది. పొద్దున్నించీ ఆవిడ ఏమీ తినలేదని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"ముందు ఏదైనా తినండి," అంది. "ఇంకా కాఫీ కూడా తాగలేదు మీరు."

"చాల్లేమ్మా, ఇంటికెళ్ళి తింటాను."

"చాలంటే కుదరదు," అంది అమూల్య.

కాత్యాయని హారిస్‌డేల్ వెళ్ళిపోయింది. అమూల్య ఆ సెమిస్టరు ముగించి, చదువు పెర్త్‌కి మార్చుకుంది. మార్గరెట్ దగ్గర పని మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమూల్య అడగనూ లేదు. బాలమురళి చూపించిన ఇంట్లో రెండో గది అద్దెకి తీసుకుంది. సాయంత్రాలు గ్యారేజీ తలుపు పైకెత్తి, చాపలు పరిచి, పిల్లల చెప్పులు వరసగా పెడుతుంది. కాత్యాయని ఇప్పుడు ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టుకుని ఒక్కతే పాడుతుంది. ఆ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పాట మధ్యలో దగ్గొస్తే, అడక్కుండానే గోరువెచ్చని నీళ్ళు పక్కన ఉంటాయి.

ఒకరోజు రుచిత అనే ఆవిడ కొత్తగా పిల్లని చేర్పించడానికి వచ్చింది. నీళ్ళ గ్లాసు పెట్టి వెళుతున్న అమూల్యని చూసి అడిగింది.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

కాత్యాయని శ్రుతి ఆపింది. అమూల్య మొహం కేసి, ఎక్కడో చూసినట్టుండే ఊరి దారిని చూసినట్టు, కొంచెంసేపు చూసింది.

"ఏమోనండీ," అంది. "నా కూతురట."